గుండుకు కొలత

మొగుడంపల్లి,
19-2-1984

తమ్ముడు శివకుమార్‌కు,

శరణు. బాగున్నానని రాయాలి కాబట్టి బాగున్నాను. నిజం చెప్పాలంటే ఒళ్లు మండిపోతూ ఉంది.

మీ బావ ఏడాది పూజకు నువ్వూ బాలమణీ వచ్చి వెళ్లారు కదా. మీరు షోలాపూర్ బండి ఎక్కిన మర్నాడే విరూపాక్షప్ప వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. మా ఆయనకు స్వంత అన్న అన్నమాటే గానీ, తమ్ముడు బతికి ఉండగా ఈ అరుగు ఎక్కింది ఎన్నడు? చాయ్ తాగి, మూతి తుడుచుకుని, మెల్లగా అన్నాడు. "భాగీరథమ్మా, ఆ పిస్తోలు నాకియ్యి. లైసెన్సు నా పేరు మీద చేయించుకుంట. మగోడు లేని ఇంట్ల గదెందుకు? రేపు పొయ్యి ఊదనీకె గొట్టం దొరకకుంటె దాన్నే తీస్తవు."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

నీకు తెలుసు ఆ పిస్తోలు సంగతి. నైజాం కాలంలో మా మామగారు పోలీసు పటేలుగా ఉన్నప్పుడు చేతికొచ్చింది. మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి పేల్చే పాత రకం. దాంతో ఎవరినీ కొట్టింది లేదు గానీ, దసరానాడు దాన్ని పట్టుకుని జమ్మి దగ్గరకు ఎవరు నడిస్తే ఈ ఇంటికి వాళ్లే పెద్ద. గట్టు తగాదా వచ్చినా, నీళ్ల వంతు వచ్చినా ఊరు వాళ్లనే పిలుస్తుంది. ఇవాళ పిస్తోలు ఇస్తే రేపు ఆలుగడ్డ చేను అడుగుతాడు. ఎల్లుండి నన్ను వంటింట్లో ఒక మూల కూర్చోమంటాడు. ఇవ్వనంటే ఇవ్వను.

నేనే జహీరాబాద్ పోయి పోలీసు ఠాణాలో అమీన్ సాబ్‌ను కలిశాను. అడవిపందులు చేను తవ్వి పోస్తున్నాయి, లైసెన్సు నా పేరు మీదికి మార్చండి అన్నాను. ఆయన మంచివాడే. కానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. "కుండ పెడ్త. మందు నువ్వే పొయ్యాలె, గుండు నువ్వే ఎయ్యాలె, నువ్వే కొట్టాలె. కొడితె పైకి రాస్త. లేకుంటె మీ బావ విరూపాక్షప్ప దరఖాస్తే పోతది" అన్నాడు. అంతదాకా పిస్తోలు ఇంట్లో ఉండొచ్చు గానీ పేల్చకూడదట. మీ బావ పేరు మీదికి మారినప్పుడు ఏ కుండా పెట్టలేదు.

ఇప్పుడు నా కష్టం విను. గుండ్లు పోసే అచ్చు ఎప్పుడో పోయింది. జహీరాబాద్ బజారులో బంగారం పని చేసే అవుసులాయనతో కొత్త అచ్చు చేయించాను. సీసం కరిగించి పోస్తే గుండుకు ఒక పక్క పొట్ట, ఒక పక్క తోక వస్తున్నాయి. గొట్టంలో దిగదు. ఆకురాయితో అరగదీస్తే కోడిగుడ్డులా తయారవుతుంది. నువ్వు రోజూ లేతు మీద ఇనుమును వెన్నలా కోస్తావు కదా. నాకు ఒక ఇనుప బిళ్ల చేసి పంపు. మధ్యలో సరిగ్గా పిస్తోలు గొట్టమంత బెజ్జం ఉండాలి. గుండును పైన పెట్టి చెక్క సుత్తితో కొడితే, కింద నున్నగా, గొట్టానికి సరిపోయేలా పడాలి.

బాలమణికి ఆ కారప్పొడి నచ్చిందా? ఇంకా కావాలంటే సిగ్గుపడకుండా రాయమను.

ఇవ్వని పిస్తోలుకు కాపలా కూర్చున్న
నీ అక్క భాగీరథి

*

షోలాపూర్,
2-3-1984

అక్కకు శరణార్థి,

నీ ఉత్తరం వర్క్‌షాప్‌లో చదువుకుని ఒక్కణ్నే నవ్వుకున్నాను. మా మేస్త్రి పెళ్లాం దగ్గర్నుంచా అని అడిగాడు. కాదు, పిస్తోలు పట్టిన అక్క దగ్గర్నుంచి అన్నాను. అప్పట్నుంచి నాతో కాస్త మర్యాదగా మాట్లాడుతున్నాడు.

బిళ్ల చేయడం నాకు పెద్ద పని కాదు. కానీ కొలత కావాలి. గొట్టం లోపల ఎంత వెడల్పో వెంట్రుకవాసి తేడా లేకుండా తెలియాలి. ఒక చింతకర్రను బిరడాలా చెక్కి, గొట్టం మూతిలో అటూ ఇటూ తిప్పి, వదులు లేకుండా బిగువుగా కూర్చునేలా చేసి పంపు. దాన్ని బట్టి నేను బెజ్జం తీస్తాను.

ఇంకో మాట. కోపం తెచ్చుకోకు. ఈ తలనొప్పి నీకెందుకు? లైసెన్సు నా పేరు మీద తీసుకుందాం. నేను సెలవు పెట్టి వచ్చి కుండ కొట్టి పోతాను. విరూపాక్షప్పా నోరు మూసుకుంటాడు, పిస్తోలూ నీ ఇంట్లోనే ఉంటుంది. పేరుదేముంది?

బాలమణి కారప్పొడి అయిపోయిందని చెప్పమంది. ఇక్కడ నీళ్లు రెండు రోజులకొకసారి వస్తున్నాయి. బకెట్ల ముందు నిలబడి ఆడవాళ్లు కొట్టుకుంటుంటే నువ్వుంటే ఈ వాడకట్టు బాగుపడేదనిపిస్తుంది.

నీ తమ్ముడు,
శివకుమార్

*

మొగుడంపల్లి,
11-3-1984

శివకుమార్‌కు,

బిరడా పంపుతున్నాను. చింతకర్ర చెక్కీ చెక్కీ వేలు కోసుకున్నాను. మూతిలో ఇంత బిగువుగా కూర్చుంది, తీయడానికి దేవమ్మ ఒక వైపు, నేను ఒక వైపు లాగాం. మన చేలో కూలికి వచ్చే దేవమ్మే. "పటేలమ్మా, బిడ్డ కాన్పయినట్లే ఉన్నది" అంది ఆ మహాతల్లి.

పేరుదేముంది అని రాశావు. పేరులోనే అంతా ఉంది తమ్ముడూ. నీ పేరు మీద ఉంటే అది నీ పిస్తోలు. నేను నీ పిస్తోలుకు దుమ్ము తుడిచే మనిషిని. షోలాపూర్‌లో ఉన్నవాడు మొగుడంపల్లి పందిని ఎట్లా కొడతాడు? నువ్వు మంచి మనసుతోనే రాశావని తెలుసు. మంచి మనసుతో విరూపాక్షప్ప కూడా అదే మాట అంటున్నాడు. ఇంకోసారి రాయకు.

ఆయనతో మొన్న పెద్ద గొడవే అయింది. మా గట్టు పక్కన ఆయన నాగలి ఒక సాలు ఇవతలికి వచ్చింది. అడిగితే, "పిస్తోలు నాదయినంక చేనే ఎవరిదని అడుగరు, ఇగ సాలు ఎవరిదని ఎవలడుగుతరు?" అన్నాడు. వాడకట్టంతా చూస్తుండగానే నేనూ అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను. రాస్తే పోస్టుమాన్ చదువుతాడు.

పందుల బాధ తగ్గలేదు. దేవమ్మ డబ్బా కొట్టీ కొట్టీ, ఇప్పుడు పందులు ఆ చప్పుడుకు తలలు ఊపుతున్నాయట.

త్వరగా పంపు. అమీన్ సాబ్ ఏప్రిల్‌లో కుండ పెడతానన్నాడు.

భాగీరథి

*

షోలాపూర్,
30-3-1984

అక్కకు,

బిరడా అందింది. బిళ్ల ఇంకా చేయలేదు. ఎందుకు చేయలేదో కూడా చెబుతాను.

విరూపాక్షప్ప దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరితోనో రాయించాడు. నువ్వు ఇంట్లో కుండెడు సీసం కరగబెడుతున్నావట. రోజూ పెరట్లో చెయ్యి చాచి ఆయన ఇంటి వైపు గురి చూస్తున్నావట. వాడకట్టులో అందరి ముందు, "నా చేన్ల కాలు పెట్టినోడు మళ్ల కాళ్లతోని పోడు" అన్నావట. ఇందులో ఎంత నిజమో నాకు తెలియదు. కానీ పోస్టుమాన్ చదువుతాడని నువ్వు రాయకుండా వదిలేసిన మాట ఇదేనేమోనని భయం పట్టుకుంది.

కుండ కొట్టడానికి ఒక్క గుండు చాలు. పందులను తరమడానికి గుండే అక్కర్లేదు, మందు చప్పుడు చాలు. మరి అంత సీసం ఎందుకక్కా?

నేను చేసిన బిళ్లలోంచి జారిన గుండు రేపు ఒక మనిషికి తగిలితే, నా చేతులు ఏ లేతు మీద పెట్టుకోవాలి? రేవణసిద్ధప్ప బావ ఇంట్లో ఖూనీ జరిగిందన్న మాట రాకూడదు. నువ్వు నిజం రాసేదాకా ఇనుము ముట్టను.

బాలమణి ఇది రాయొద్దంది. రాశాను.

శివకుమార్

*

మొగుడంపల్లి,
6-4-1984

శివకుమార్‌కు,

నీ ఉత్తరం చదివి చింపుదామనుకున్నాను. మళ్లీ దాచుకున్నాను. మా అమ్మ కన్న కొడుకు నన్ను హంతకురాలు అన్నాడని రుజువు ఉండాలి కదా.

నిజం కావాలన్నావు. తీసుకో.

సీసం కుండెడు కాదు, గిన్నెడు. పది గుండ్లు పోస్తే ఒకటి గుండులా వస్తుంది. మిగతావి మళ్లీ కరిగిస్తాను. అదే సీసం పొద్దున కరుగుతుంది, సాయంత్రం కరుగుతుంది. పొగ చూసిన విరూపాక్షప్పకు ఫిరంగులు పోస్తున్నట్టు కనబడింది.

చెయ్యి చాచి గురి చూస్తున్నమాట నిజం. చేతిలో ఉన్నది పిస్తోలు కాదు, ఇటుక. పేల్చకూడదన్నారు కాబట్టి బరువుకు చెయ్యి వణకకుండా ఇటుక పట్టుకుని నిలబడుతున్నాను. మా పెరటికి ఎదురుగా ఆయన ఇల్లు కట్టుకుంటే అది నా తప్పా?

ఆ మాట అన్నది కూడా నిజం. అన్నాను. మళ్లీ అంటాను. మనుషులు గొడవల్లో ఎన్ని అనరు? ఆయన నన్ను "నీ తాడు తెగినా పొగరు తెగలే" అన్నాడు. అది ఉత్తరంలో రాయించాడా?

గుండు ఎందుకు అని అడిగావు కదా. ఎవరికీ చెప్పని మాట ఒకటి నీకు చెబుతాను. మీ బావ జన్మలో ఆ పిస్తోలులో గుండు వేయలేదు. మందు పోసి, పైన గుడ్డపేలిక దట్టించి పేల్చేవాడు. నేనూ ఆయనకు జ్వరం వచ్చినప్పుడు అట్లాగే పేల్చాను. ఊరంతా దానికి దండం పెట్టేది. లోపల ఉన్నది గుడ్డపేలిక. మగవాడి చేతిలో గుడ్డపేలికకు ఉన్న విలువ నా చేతిలో సీసానికి కూడా లేదు చూడు. అందుకే గుండు వేస్తాను. వేసి కొడతాను.

బిళ్ల పంపితే పంపు. లేకపోతే బీదర్‌లో కొట్లు లేవా?

నీకు ఒకప్పుడు అక్కనైన
భాగీరథి

*

షోలాపూర్,
20-4-1984

అక్కకు శరణు,

బిళ్ల పార్శిల్‌లో పంపుతున్నాను. నీ బిరడా పక్కనే పెట్టుకుని బెజ్జం తీశాను. వెంట్రుక కూడా తేడా లేదు. మేస్త్రి చూసి ఇది పెళ్లి ఉంగరమా అన్నాడు.

ఒక్క జాగ్రత్త. గుండు మందు మీద ఆనుకుని కూర్చోవాలి. మధ్యలో ఎక్కడో ఆగిపోతే గొట్టం పగులుతుంది, చెయ్యి పోతుంది. కడ్డీతో చివరిదాకా తోసి చూసుకో.

నిన్ను అడిగినందుకు నేనేమీ చింతించడం లేదు. నువ్వైనా అడిగేదానివి. కానీ ఆ గుడ్డపేలిక సంగతి బాలమణి రెండుసార్లు చదివింది. తర్వాత, "వదినను గెలవమని రాయండి" అంది. రాశాను.

శివకుమార్

*

మొగుడంపల్లి,
9-5-1984

షోలాపూర్‌లో ఉన్న పెద్దమనిషికి,

అయింది. నీ కోరిక తీరింది.

నిన్న ఠాణా వెనక బీడులో కుండ పెట్టారు. అమీన్ సాబ్, ఇద్దరు జవాన్లు, చూడ్డానికి వచ్చిన జనం. విరూపాక్షప్ప కొత్త రుమాలు చుట్టుకుని మరీ వచ్చాడు. నేను మందు పోశాను. నీ బిళ్లలో సాపు చేసిన గుండు వేశాను. ఎంత సులువుగా దిగిందని! నా తమ్ముడి చేతి పనితనం అని లోపల మురిసిపోయాను. కడ్డీతో తోశాను. మందును అంటించే చిన్న రాగి టోపీ పెట్టాను. కుండ నేల మీద ఉంది కాబట్టి గొట్టం కాస్త కిందికి వంచాను.

గుండు జారి బయటికి వచ్చింది.

పేలలేదు. జారింది. దొర్లుకుంటూ పోయి అమీన్ సాబ్ బూటు దగ్గర ఆగింది. ఆయన వంగి తీసి, నా చేతిలో పెట్టి, "అమ్మా, మీ పిస్తోలు గుడ్డు పెట్టింది" అన్నాడు. జనం ఎట్లా నవ్వారో నేను రాయలేను. విరూపాక్షప్ప కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. దేవమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె ఏడ్చింది.

బస్సులో వస్తూ ఆలోచించాను. వెంట్రుక తేడా లేదన్న మనిషి చేసిన బిళ్ల ఇంత చిన్నగా ఎట్లా అయింది? నేను ఖూనీ చేస్తానని భయపడ్డావు. గుండు చిన్నదైతే ఎవరికీ తగలదు. అక్కకు కోపం రాకుండా పనీ చేసినట్టుంటుంది, భయమూ తీరుతుంది. తెలివి గలవాడివి. ముఖం మీద పంపను అంటే నీ మీద గౌరవం ఉండేది.

అమీన్ సాబ్ వానలు పడేదాకా గడువిచ్చాడు. నేను ఇంకా ఓడిపోలేదు. కానీ నాకు ఈ పనిలో తమ్ముడు లేడు.

భాగీరథి

*

షోలాపూర్,
17-5-1984

అక్కా,

శరణు రాయడం కూడా చేతకావడం లేదు. అంత కోపంగా ఉంది.

నేను లేతు ముందు నిలబడడం మొదలుపెట్టి ఇన్నేళ్లయింది. చెడిపోయిన పని చేశాను, మేస్త్రి చేత తిట్లు తిన్నాను, కానీ కావాలని దొంగ పని చేయలేదు. నిన్ను మోసం చేయాలనుకుంటే విరూపాక్షప్పకు ఒక్క ఉత్తరం రాస్తే చాలు. బిళ్లను ఇంత నున్నగా చేయడానికి పొద్దుపోయేదాకా కూర్చునేవాణ్ని కాదు. అనుమానించే హక్కు నీకు ఒక్కడికే ఉందా అంటావేమో. నేనూ అనుమానించాను, నిజమే. కానీ అడిగాను. నువ్వు అడగలేదు. తీర్పు చెప్పేశావు.

నీ బిరడా నా దగ్గరే ఉంది. ఉత్తరం రాగానే మళ్లీ కొలిచాను. బిళ్ల సరిగ్గానే ఉంది. అంటే కొలతే తప్పు. బిరడా నువ్వు బిగువుగానే చెక్కావు. మరి మూతిలో బిగువుగా కూర్చున్నది లోపల వదులెట్లా అవుతుంది? మూతి సన్నంగా, లోపల వెడల్పుగా ఏ గొట్టమూ ఉండదు. పాలచెంబు ఉంటుంది గానీ పిస్తోలు ఉండదు.

నిన్నంతా అదే ఆలోచించాను. బాలమణి అన్నం పెట్టి, "మీ అక్కవాళ్ల పిస్తోలుకు దసరాకు బొట్లు పెడతారు కదా?" అంది. అప్పుడు తట్టింది. బావ పిస్తోలును పీట మీద పెట్టి, విభూతి, గంధం నూనెతో కలిపి, వేలు మూతిలోకి పెట్టి చుట్టూ పూసేవాడు. అంతకు ముందు మీ మామగారూ అంతే. దాన్ని ఎవరైనా ఎప్పుడైనా కడిగారా?

మూతి లోపల వేలు పెట్టి చూడు. తర్వాత నన్ను తిట్టు.

శివకుమార్

*

మొగుడంపల్లి,
3-6-1984

నా తమ్ముడు శివకుమార్‌కు,

వేలు పెట్టి చూశాను. మూతి అంచున గచ్చులా గట్టిగా ఉంది. లోపలికి పోతే వేలికి నున్నటి ఇనుము తగిలింది. పిస్తోలు పట్టుకుని గడప మీద కూర్చుని మళ్లీ మళ్లీ వేలు తిప్పి చూశాను.

కడగడం అని రాశావు. ఆయుధానికి చేసిన పూజ ఎవరైనా కడుగుతారా? ఈ ఇంట్లో అది నియమం. మూతి బోడిగా ఉంటే ఆయుధం ఇంటివాళ్ల రక్తమే అడుగుతుందని మా అత్త చెప్పేది. పిడి తుడుస్తాం, టోపీని కొట్టే గుర్రం తుడుస్తాం, మూతి ముట్టం. గుడ్డపేలిక మెత్తది కాబట్టి ఆ సందులోంచి పోయింది, వచ్చింది. ఇన్ని దసరాల విభూతి, ఇన్ని సార్ల మందు మసి కలిసి రాయి అయింది. గుండు వేసి ఉంటే మీ బావకే తెలిసేది. ఆయన వేయలేదు, నాకు తెలియలేదు.

ఎవరికీ తెలియకుండా గీకేయొచ్చు. కానీ దొంగతనంగా చేస్తే నేనే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. సోమవారం పొద్దున స్నానం చేసి, లింగపూజ చేసుకుని, అరుగు మీద పీట వేసుకుని అందరూ చూస్తుండగా కూర్చున్నాను. సన్నటి కత్తితో గీకడం మొదలుపెట్టాను. విరూపాక్షప్ప పరుగెత్తుకు వచ్చాడు. చెప్పుల్లేకుండా వచ్చాడు పాపం.

"ఏం జేస్తున్నవే? మా అయ్య పూసిన విభూతి గది! గీకితె ఇల్లు నిలుస్తదా?"

"మామ పూసింది మీదికి పూసుకోనీకె. గొట్టంల అడ్డం పడనీకె గాదు" అన్నాను.

"ఆడిది ఆయుధం మూతి గీకుడు ఏడనన్న ఉన్నదా?"

"మీరు పూసిన్రు, నేను గీకుతున్న. పూసినోల్లకు తప్పు లేకుంటె నాకెందుకు?"

ఆయన ఊళ్లో పెద్దలను పిలుస్తానన్నాడు. పిలవమన్నాను. ఇద్దరు వచ్చారు. చూశారు. ఒకాయన గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూసి, "ఇంత మట్టి పేరుకున్నదానికా, మేమింత దినం భయపడ్డది?" అన్నాడు. విరూపాక్షప్ప ముఖం చూడాల్సింది. గీకిన విభూతి నేల మీద పడనివ్వలేదు. ఇత్తడి పళ్లెంలో పట్టి బిల్వం చెట్టు మొదట్లో కలిపాను. నేను భక్తి లేనిదాన్ని కాదు. భక్తిని గొట్టంలో పెట్టుకోను, అంతే.

కొత్త బిరడా పంపుతున్నాను. పాతదాని పక్కన పెట్టి చూడు.

నిన్ను అన్న మాటలకు వేరే ఉత్తరం రాద్దామనుకున్నాను. రాయడం రాలేదు. నువ్వు దొంగ పని చేసేవాడివి కాదని నాకు అప్పుడూ తెలుసు. జనం నవ్వు చెవుల్లో మోగుతుంటే ఎవరో ఒకరిని కొట్టాలనిపించింది, నువ్వు దొరికావు. దూరాన ఉన్నవాడివే నువ్వు. దగ్గర ఉండుంటే చెంబు విసిరేదాన్ని, నువ్వు తప్పించుకునేవాడివి, అయిపోయేది.

నిన్ను వదులుకోలేని
అక్క

*

షోలాపూర్,
20-6-1984

అక్కకు శరణార్థి,

రెండు బిరడాలు బల్ల మీద పెట్టి చూశాను. వక్కకూ రేగుపండుకూ ఉన్నంత తేడా ఉంది. మేస్త్రికి కథంతా చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తానే లేతు మీద నిలబడి బెజ్జం చివరి కోత కోశాడు.

పాత బిళ్లను పారేయకు. పొరపాటున మళ్లీ వాడకు కూడా. బాలమణి దాన్ని ఉట్టికి కట్టమంటోంది.

కోపం నాకు ఎప్పుడో పోయింది. చెంబు విసిరినా తప్పించుకునేవాణ్ని కాదు, తగిలించుకునేవాణ్ని. పరీక్షనాడు రమ్మంటే వస్తాను. నీ వెనక నిలబడతాను, ఒక్క మాట మాట్లాడను.

శివకుమార్

వదినా, శరణు. ఈయన మాట విని రానిస్తే వెనక నిలబడి తప్పకుండా మాట్లాడతారు. రానివ్వకండి. మీరు ఒక్కరే నిలబడండి.
- బాలమణి

*

మొగుడంపల్లి,
15-7-1984

శివకుమార్‌కు, బాలమణికి,

బాలమణి మాటే విన్నాను. నిన్ను పిలవలేదు. ఏమనుకోకు. నువ్వుంటే, తమ్ముడు చేయించాడు అనేవాళ్లు.

మొన్న మళ్లీ అదే బీడు. వాన పడి నేలంతా బురద. ఈసారి జనం ఇంకా ఎక్కువ వచ్చారు. పిస్తోలు గుడ్డు పెట్టే వింత మళ్లీ చూడాలి కదా. కోహీర్ సంతకు పోయేవాళ్లు కూడా బండ్లు ఆపారు.

కొత్త గుండు గొట్టంలో వేస్తే జారలేదు. కడ్డీతో తోస్తుంటే నెమ్మదిగా, కాస్త మొరాయిస్తూ దిగింది. చివరికి పోయి మందు మీద కూర్చున్నప్పుడు నా అరచేతికి తెలిసింది. గొట్టం కిందికి వంచాను. అందరూ ముందుకు వంగి నేల వైపు చూశారు. ఏమీ పడలేదు.

పేల్చాను. చెయ్యి భుజం దాకా అదిరింది. కళ్లు తెరిచి చూస్తే కుండ అట్లాగే ఉంది. జానెడు పక్కన బురద లేచింది.

విరూపాక్షప్ప దగ్గాడు. అమీన్ సాబ్ మటుకు నవ్వలేదు. దగ్గరకు వచ్చి, "శానా మంచిగ చేసినవమ్మా. గొట్టం పల్గలే, చెయ్యి పోలే. ఆడమనిషికి గింతే చాలు. నేను రాస్త పో" అన్నాడు.

తమ్ముడూ, ఆ మాటకు సరే అని ఇంటికి రావచ్చు. లైసెన్సు వచ్చేదే. కానీ ఆ 'ఆడమనిషికి' అన్న మాట మింగుడుపడలేదు.

"సాబ్, కుండ కొట్టుమన్నరు. కుండ పక్కన కొట్టుమనలే. మీరు చాలన్నా నాకు చాలదు. కుండ తియ్యనీయకున్రి" అన్నాను.

మళ్లీ గొట్టం తుడిచాను. మందు పోశాను. గుండు వేశాను. అందరూ చూస్తుండగా ప్రతిదీ నెమ్మదిగా చేశాను. ఒక జవాను గొడుగు పట్టబోతే వద్దన్నాను. ఇటుక పట్టుకుని నిలబడ్డ రోజులన్నీ ఆ చేతికి గుర్తున్నట్టున్నాయి, ఈసారి వణకలేదు.

కుండ ఎక్కడ పగిలిందో తెలియదు. ఉన్నచోట లేదు. పెంకులు ఏరుకోవడానికి దేవమ్మ బురదలో పరుగెత్తింది. ఒక పెంకు తెచ్చి విరూపాక్షప్ప ఎదురుగా నిలబడి, "సూడున్రి పటేలా, గుడ్డు పిల్లయింది" అంది. ఈసారి జనం నాతో కలిసి నవ్వారు.

నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను కూడా. మీ బావ ఉంటే ఎట్లా చూసేవాడో అనిపించింది. గర్వపడేవాడా, గుడ్డపేలిక సంగతి బయటపడుతుందని తల దించుకునేవాడా? రెండూ చేసేవాడేమో.

లైసెన్సు కాగితాలు కలెక్టరు దగ్గరికి సంగారెడ్డి పోయాయి.

చెయ్యి నొప్పితో, మనసు నొప్పి లేకుండా
మీ భాగీరథి

*

మొగుడంపల్లి,
9-12-1984

శివకుమార్‌కు, బాలమణికి, పుట్టబోయే బిడ్డకు,

లైసెన్సు దసరాకు ముందే వచ్చిన సంగతి రాశాను. ఆలుగడ్డ ఈసారి బాగా ఊరుతోంది. పందులు రెండుసార్లు వచ్చాయి. మన ఇంట్లో మాంసం ముట్టం కాబట్టి వాటి ముందు నేలలోకి కొట్టాను. మట్టి లేచేసరికి వెనక్కి తిరిగి చూడకుండా పోయాయి. విరూపాక్షప్ప నాగలి తన సాలులోనే నడుస్తోంది. ఆయనతో మాటలు లేవు. ఉండాలని ఆయనా అనుకోవడం లేదు, నేనూ అనుకోవడం లేదు. ఇది తనకు బాధగా ఉందని బాలమణి రాసింది. బాలమణీ, అందరితో మంచిగా ఉండడానికే ఆడపుట్టుక పుట్టామా చెప్పు. ఒకరిద్దరితో చెడినా ఏమీ కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎలక్షన్లు కదా. లైసెన్సు ఉన్నవాళ్లంతా తుపాకులు ఠాణాలో అప్పగించాలని హుకుం వచ్చింది. ఎలక్షన్ అయ్యాక తిరిగి ఇస్తారట. మొన్న సంగమయ్య డప్పు పట్టుకుని ఊరంతా దండోరా వేశాడు. నేను పొయ్యి దగ్గర రొట్టె చేస్తున్నాను. డప్పు చప్పుడు మన సందులోకి వచ్చింది. ఆయన ఒక్కొక్క పేరే గట్టిగా చదువుతున్నాడు. అందరూ మగవాళ్లు. చివరగా మన ఇంటి ముందు నిలబడి డప్పు మీద ఒక దెబ్బ ఎక్కువే వేసి అరిచాడు.

"పటేల్ రేవణసిద్ధప్ప భార్య భాగీరథమ్మా! నీ పిస్తోలు ఠాణల దాఖలు చెయ్యాలె హో!"

రొట్టె మాడిపోయింది. మాడనిచ్చాను. పెరటి అవతల విరూపాక్షప్ప తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది.

ఎవరో ఒకరి చేత పంపొచ్చు అన్నారు. నేనే పోయాను. సంచిలో పెట్టుకోలేదు. చేత పట్టుకుని ఊరి మధ్యలోంచి నడిచి, బస్సెక్కి, జహీరాబాద్ బజారులోంచి నడిచాను. ఠాణా ముందు వరుసలో తుపాకులతో ఉన్న పటేళ్లు, దేశముఖులు నన్ను చూసి ముందు పొమ్మని జరిగారు. నేను పోలేదు. నా వంతు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

అమీన్ సాబ్ పిస్తోలు తీసుకుని చీటీ కట్టి బీరువాలో పెట్టాడు. "ఫికర్ చెయ్యకమ్మా, ఎలక్షన్ కాంగనె ఇస్త" అన్నాడు.

ఫికర్ ఎందుకు? ఇన్నేళ్లూ ఆ పిస్తోలు మా ఇంట్లోనే ఉంది, నాది కాలేదు. ఈ రోజు ఇంట్లో లేదు. ప్రభుత్వం తాళం వేసి దాచిపెట్టింది. ఎందుకంటే అది నాది.

భాగీరథి